పారాయణమనుకున్నారు

నాకు మనసులో చదువుకోవడం రాదు. మూడో తరగతి సగంలో బడి మానినదాన్ని. ఆ బడిలో గొంతెత్తి చదివితేనే చదివినట్టు లెక్క. పెదవులు కదలని పిల్లకు అయ్యవారి బెత్తం పడేది. ఆ అలవాటు ఈ వయసుకూ పోలేదు. మందు సీసా మీది రాతయినా, బస్సు నెత్తిన ఊరి పేరయినా, అక్షరం కింద వేలు పెట్టి వీధికంతా వినబడేలా చదివితేనే నా తలకెక్కుతుంది. అందుకే ఫాసిజం గురించిన పుస్తకాన్ని నేను మొదలుపెట్టాక, మా వీధి కూడా దాన్ని చదివినట్టే అయింది.

పుస్తకం నాది కాదు, మనుమరాలిది. తిరుపతిలో హాస్టల్లో ఉండి చదువుకునే పిల్ల. సెలవులకు వచ్చినప్పుడు సంచిలో తెచ్చి, సగం చదివి, పేజీ మూల మడిచి, కిటికీలో పెట్టి వెళ్ళిపోయింది. డబ్బిచ్చి కొన్న వస్తువును సగం వాడి పడేస్తే నాకు ఒళ్ళు మండుతుంది. అరిగిన సబ్బుబిళ్ళను కొత్త బిళ్ళకు అతికించి వాడే ఇల్లు మాది. ఫోను చేశాను.

"ఇంత లావు పుస్తకం కొని సగానికి పెట్టేసి పోయినావే, మిగతా సగం ఎవురు సదవాల?"

"నువ్వే సదువవ్వా," అంది నవ్వుతూ.

"ఏం కత ఇది?"

"కత కాదు. నిజంగా జరిగిండేది. ఫాసిజం అని. ఒకడే మాట్లాడాల, మిగతా అందరూ తలకాయ ఊపాల. ఊపనోళ్ళను అసలు మనోళ్ళే కాదనాల. అది ఎట్ల వస్తాది, వచ్చేటప్పుడు ఎట్ల గుర్తు పట్టాల, ఎట్ల అడ్డం పడాల అని రాసినారు."

"అడ్డం పడేదానికి పుస్తకమెందుకే? పోయి అడ్డం పడితే సరిపోలా?"

"ముందు గుర్తు పట్టాల గదవ్వా."

ఆ మాట నాకు గుచ్చుకుంది. బంగారుపాళ్యం పక్కన మామిడి తోపు చేసే ఇంటికి కోడలిగా వచ్చి ఇన్నేళ్ళయింది. పూతకు తేనెమంచు పురుగు పట్టకముందే ఆకు జిగురు చూసి చెప్పేస్తాను. నాకు గుర్తు పట్టడం నేర్పిస్తుందా ఈ పుస్తకం? చూద్దామని మధ్యాహ్నం పనులయ్యాక వీధి తిన్నె మీద కూర్చుని మొదటి పేజీ తెరిచాను.

మా వైపు ఒక ఆడమనిషి తిన్నె మీద కూర్చుని గొంతెత్తి పుస్తకం చదివిందంటే అది పారాయణమే. వేరే పుస్తకాన్ని అంత గట్టిగా ఎవరు చదువుతారు? మొదట పక్కింటి వదిన వచ్చింది. మా ఆయనకు అక్క. కళ్ళు సరిగ్గా కనబడవు. తలకు పోసుకుని, తడి జుట్టు ముడేసుకుని, కొంగు కప్పుకుని, చేతులు జోడించి నా ఎదురుగా కూర్చుంది. నేను మాటలు కూడబలుక్కుంటూ చదువుతూనే ఉన్నాను. మరుసటి రోజు ఆమె వెనకాల ఇంకో నలుగురు వచ్చారు. ఎవరో పుస్తకం అట్ట మీద కుంకుమ బొట్టు కూడా పెట్టేశారు.

"వదినా, ఇది పురాణం కాదు," అని చెప్పాను. "యాడో వేరే దేశంలో జరిగిండే సంగతి."

"రాముడు మాత్రం మన వీదిలో తిరిగినాడా? సదువు మే," అంది.

నేను అబద్ధం చెప్పలేదు. వాళ్ళు వినలేదు. రోజూ వచ్చి కూర్చుంటే ఏమీ పెట్టకుండా పంపడం బాగుండదని, పురుగు పట్టడానికి సిద్ధంగా ఉన్న పాత శనగలను నానబెట్టి గుగ్గిళ్ళు చేశాను. దాంతో పారాయణం పూర్తిగా పారాయణమే అయిపోయింది.

ఆ పుస్తకంలో పెద్ద పెద్ద మాటలు చాలా ఉన్నాయి. నోరు తిరగనివాటిని దాటేశాను. మిగిలింది చాలు. పని లేక, తిండి లేక, జనం విసిగిపోయి ఉన్న దేశం. అందరి తరఫునా నేనే మాట్లాడతాను, నేనే చక్కబెడతాను అంటూ ఒకడు వచ్చాడు. వచ్చినవాడు మొదటి రోజే చంపడం మొదలుపెట్టలేదు. మొదట మంచి పనులు చేశాడు. తర్వాత మనం, వాళ్ళు అని రెండు మాటలు నేర్పించాడు.

"ఆ రాచ్చసునికి ఎన్ని తలకాయలు?" అని వదిన అడిగింది.

"ఒకటే."

"ఒక్క తలకాయతోనే అంత పని సేసినాడా?"

"మిగతా తలకాయలు ఊళ్ళోవాళ్ళు అరువిచ్చినారు వదినా."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అప్పటికింకా అది వేరే దేశం సంగతే.

మా ఊళ్ళో ఒక కమిటీ ఉంది. దాని పెద్ద నాకు వరుసకు కొడుకు, పెద్దమ్మా అని పిలుస్తాడు. మంచి చేయలేదని నేను అనను. వీధి దీపాలు వేయించాడు. కాలువ పూడిక తీయించాడు. భజన గుడికి సున్నం కొట్టించాడు. మామిడి పిందె కట్టే రోజుల్లో ఆ కమిటీ వాళ్ళు అంగడి అంగడికీ తిరిగి ఒక స్టిక్కరు అతికించారు. దీపం బొమ్మ, దాని కింద 'మన అంగడి' అని ఎర్రటి అక్షరాలు. కిరాణా అంగడికి అతికించారు, మంగలి అంగడికి అతికించారు, రోడ్డు మీది మెస్సుకు అతికించారు. ఎరువులమ్మే మా అబ్బాయి అంగడికీ అతికించారు. నేను చూసి, బాగానే ఉంది బొమ్మ, అనుకుని వచ్చేశాను.

ఆ స్టిక్కరు ఎవరికి అతికించలేదో చూడాలని నాకు తట్టలేదు. మా బర్రె తొట్టి చూపించింది.

రోడ్డు మలుపులో, మామిడి గుజ్జు ఫ్యాక్టరీ గేటుకు కొంచెం ఇవతల, ఒకామె సంగటి అంగడి పెట్టుకుని ఉంది. రేకుల పందిరి, రెండు బెంచీలు. పొద్దున దోసెలు, మధ్యాహ్నం రాగి సంగటి. మొగుడు మూటలు మోసి మోసి నడుము పడిపోయి మంచం మీద ఉన్నాడు. ఆదివారం చర్చికి వెళుతుంది. అంగడి పెట్టకముందు చాలా ఏళ్ళు మా తోపులో కాయలు ఏరేది. ఇప్పటికీ అంగట్లో మిగిలిన గంజి, కడుగునీళ్ళు మా బర్రెకు కుడితిగా తెచ్చి పోస్తుంది. మామిడి సీజను రెండు నెలలు బాగా నడిస్తే ఆమెకు ఏడాది నడుస్తుంది.

ఒక సాయంత్రం ఆమె కుడితి పోసి వెళుతుంటే తొట్టిలోకి చూశాను. కడుగునీళ్ళు కాదు. సంగటి ముద్దలు, విరగని ముద్దలు, తేలుతున్నాయి.

"ఏం మే, ఒళ్ళు కొవ్వెక్కిందా? వండిన సంగటి ఇట్ల పారబోస్తావా?"

"తినేవాళ్ళు లేరక్కా," అంది. తల తిప్పుకుని బిందె భుజాన పెట్టుకుంది. "ఫ్యాక్టరీ వాచిమన్ను కూడా ఎదుర మెస్సుకు పోతా ఉండాడు. నా కాడికి పోవద్దని ఎవురూ సెప్పలేదంట. పోతే ఏమనుకుంటారో అని పోలేదంట."

మరుసటి రోజు తిన్నె మీద తెరిచిన పేజీలో అంగళ్ళ సంగతే ఉంది. ఆ దేశంలో కొన్ని అంగళ్ళకు గుర్తులు పెట్టారట. జనానికి ఆ అంగడివాళ్ళ మీద పగ ఏమీ లేదు. మనకెందుకీ రగడ అని పక్క అంగడికి వెళ్ళారు, అంతే. చదువుతూ చదువుతూ ఆ వాక్యం కింద నా వేలు ఆగిపోయింది. వినేవాళ్ళు ఎందుకు ఆపానో తెలియక నా ముఖం చూశారు. పూతకు పట్టిన పురుగును ముందే చెప్పే నేను, మా అబ్బాయి అంగడికి అతికించిన దాన్ని చూసి బొమ్మ బాగుందనుకుని వచ్చాను.

సాయంత్రం అబ్బాయిని నిలదీశాను.

"ఆ స్టిక్కరు ఎందుకు అతికించుకున్నావురా?"

"అందరూ అతికించుకున్నారు. ఒక అట్టముక్క. దానికేమన్నా నోరుండాదామ్మా?"

"నోరు లేనిదాన్ని పట్టుకోని వాళ్ళు అంగడంగడికీ ఎందుకు తిరిగినారు?"

"మన అంగడే గదా. మన అంగడి అని రాస్తే తప్పేముండాది?"

"మరి సంగటాయమ్మది ఎవురి అంగడి?"

వాడు ఫోను చూసుకోవడం మొదలుపెట్టాడు. తెల్లారి వాడు అంగడికి పోకముందే వేన్నీళ్ళ చెంబు, చాకు తీసుకుని వెళ్ళి గాజు తలుపు మీద గీకేశాను. బాగా అతుక్కుంది. గోళ్ళు అరిగాయి.

"నా యాపారం ముంచుతా ఉండావమ్మా," అని వాడు అరిచాడు.

"మీ నాయన ఏ స్టిక్కరు పెట్టుకోని ఎరువులమ్మినాడు?" అని నేనూ అరిచాను.

ఆ వారంలోనే కమిటీ పెద్ద మా ఇంటికి వచ్చాడు. స్టిక్కరు గురించి అడుగుతాడనుకుని కొంగు బిగించాను. వాడు తిన్నె మీద కూర్చుని, మంచినీళ్ళు తాగి, ఎంతో ఆప్యాయంగా అన్నాడు.

"పెద్దమ్మా, దినామూ పారాయణం సేస్తా ఉండావంట. ఊరంతా అదే మాట. ఈ కాలంలో ఎవురు సేస్తారు సెప్పు? శనివారం భజన గుడి కాడ మైకు పెట్టిస్తాం. నువ్వు వచ్చి సదవాల."

"నాది పెద్ద సదువు కాదు నాయనా. కూడబలుక్కోని సదువుతాను."

"అదే కావాల్సింది. మన పిల్లోళ్ళు సూసి నేర్చుకోవాల."

ఏ పుస్తకమని వాడు అడగలేదు. అడిగి ఉంటే చెప్పేదాన్ని. ముసలి ఆడది చదివేది ఇంకేముంటుందిలే అనుకున్నాడు. "పెట్టించు," అన్నాను.

శనివారం దీపాలు పెట్టే వేళకు గుడి ముందు చాపలు పరిచారు. వాడు మైకు పట్టుకుని, మన పెద్దలు, మన పద్ధతులు అని నా గురించి చాలా సేపు మాట్లాడాడు. తర్వాత ముందు వరసలో కూర్చున్నాడు. నేను కళ్ళద్దాలు తుడుచుకుని, మూల మడిచి పెట్టుకున్న పేజీ తెరిచాను. మడవడం తప్పని మనుమరాలిని తిట్టినదాన్నే, ఆ రోజు నేనూ మడిచాను.

పని లేని జనం, పరువు పోయిందని కుమిలే దేశం. అక్కడి దాకా వాడు తల ఊపుతూనే ఉన్నాడు. అందరినీ చక్కబెట్టే నాయకుడు రావాలని జనం కోరుకున్నారు అన్నచోట ఇంకా గట్టిగా ఊపాడు. మనం, వాళ్ళు అన్నచోట కొంచెం తగ్గింది. అంగళ్ళ గుర్తుల దగ్గరికి వచ్చేసరికి తల ఆగిపోయింది. మైకులో నా గొంతు రోడ్డు దాకా పోతోంది. చాపల మీద కూర్చున్నవాళ్ళు ఒక్కొక్కరే మెడ తిప్పి మలుపు వైపు చూశారు. అక్కడ రేకుల పందిరి కింద ఒక్క బల్బు వెలుగుతోంది.

వాడు చెయ్యి ఎత్తాడు. మైకు ఆగిపోయింది.

"పెద్దమ్మా, ఏంది ఈ పుస్తకం? యాడిది?"

"నువ్వు సదవమంటేనే గదా సదువుతా ఉండా."

"దేవుని కాడ వాళ్ళ గురించి ఎందుకు?"

"ఏ వాళ్ళు? నేను సదివింది సముద్రం అవతలి దేశం గురించి. నీకెందుకురా అంత ఉలుకు?"

వెనక చీకట్లో నుంచి మా వదిన గొంతు వినిపించింది. "గుమ్మడికాయల దొంగ అంటే బుజాలు తడుముకున్నెట్ల ఉండాది!"

ఆడవాళ్ళు పక్కున నవ్వారు. మైకు లేకపోయినా నాకు వచ్చిన నష్టం ఏమీ లేదు. ఆ పేజీ చివరి దాకా చదివి, పుస్తకం మూసి, చెప్పులు వేసుకుని ఇంటికి వచ్చాను. గెలిచేశాననుకున్నాను.

రాత్రి మనుమరాలు ఫోను చేసింది. ఎవరో వీడియో పంపారట.

"అవ్వా, మైకులో సదివేసినావా! నాకు బయంగా ఉండాది. ఇంగ సాలించు. నేను వచ్చినాక సూద్దాం."

"నువ్వు గుర్తు పట్టేది నేర్చుకో. అడ్డం పడేది నేను సూసుకుంటా," అని పెట్టేశాను.

మరుసటి రోజు తిన్నె మీద నేను ఒక్కదాన్నే. నానబెట్టిన శనగలు అలాగే ఉన్నాయి. ఇండ్లలో మగవాళ్ళు పోవద్దన్నారట. నా చదువు విని సంగటి అంగడికి వెళ్ళినవాడు ఒక్కడూ లేడు. నవ్వారు, విన్నారు, ఇండ్లకు పోయి తిన్నారు. అంతే జరిగింది.

ఎండ దిగక ముందే సంగటి అంగడామె వచ్చింది. కుడితి బిందె లేదు, వట్టి చేతులు.

"అక్కా, మైకులో నా అంగడి సంగతి సదవమని నిన్ను నేను అడిగినానా?"

"నీ పేరు నేను యాడ సదివినాను?"

"పేరెందుకు? ఊరంతా నా పక్కే తిరిగి సూసింది. ఇంతకుముందు రాకుండా ఉండిరి, అంతే. పొద్దున కమిటీవాళ్ళు ఇద్దురొచ్చి పందిరి రోడ్డు మీదికి ఉండాది, తీసెయ్యి అని బెదిరించి పోయినారు. సీజను సూసుకోని పోదామనుకుంటిని. ఇంగ ఇప్పుడే పోతా. వేలూరులో మా సెల్లెలు ఇండ్లల్లో పాసిపని సూపిస్తానంటా ఉండాది."

"నువ్వు పోతే వాళ్ళు గెలిసినట్టు."

"గెలిసేది ఓడేది నీకక్కా. నాకు పొయ్యి." ఆమె కొంగు నడుముకు దోపుకుంది. "ఇంగొక మాట సెప్తా. కోపం సేసుకోవద్దు. ఆ స్టిక్కరు మొన్న వచ్చింది. మీ ఇండ్ల ఆడోళ్ళు నా బెంచీ మీద కూర్చునింది ఎప్పుడు? మీ తోపులో అన్నేండ్లు కాయ ఏరితిని. నా సేతి సంగటి నువ్వు ఏనాడన్నా తిన్నావా?"

ఆమె వెళ్ళిపోయింది.

మా ఇండ్ల కట్టు అది. ఎవరూ నోటితో చెప్పరు, అందరికీ తెలుసు. ఆమె చేత కాయ ఏరిస్తాం, కూలిస్తాం, పండుగకు చీరిస్తాం. ఆమె కుండలో ఉడికింది మా ఇంటి పళ్ళెంలోకి రాదు. ఆ లావు పుస్తకంలో ఈ సంగతి లేదు. రాసినవాడికి మా ఊరు తెలియదు కదా. కమిటీవాళ్ళు కొత్తగా గీతేమీ గీయలేదు. మేం గీసి పెట్టుకున్న గీత మీదే రంగు పూశారు. అందుకే అంత సులువుగా అతుక్కుంది.

నేను జీవితంలో హోటల్లో తిన్నదాన్ని కాదు. చిత్తూరు ఆసుపత్రికి పోయినా, తిరుపతి కొండకు పోయినా, టిఫిను గిన్నెలో పులిహోరో పెరుగన్నమో కట్టుకునే వెళతాను. ఇంట్లో బియ్యం ఉండగా బయట డబ్బు పోయడం నాకు పాపంతో సమానం. మరుసటి మధ్యాహ్నం పుస్తకం చంకన పెట్టుకుని చెప్పులు వేసుకుంటుంటే కోడలు అడిగింది.

"యాడికత్తా ఎండలో?"

"సంగటి తినేదానికి."

"ఇంట్లో సంగటి లేదా?"

"ఉండాది. అది రాత్రికి తింటా."

వంటింట్లో గిన్నెలు గట్టిగా చప్పుడు చేశాయి.

అంగడామె నన్ను చూసి పొయ్యి దగ్గర నుంచి లేవలేదు. సామాను సగం మూటలు కట్టి ఉంది. నేను రోడ్డుకు ఎదురుగా ఉన్న బెంచీ మీద కూర్చున్నాను.

"ఒక ముద్ద పెట్టు మే. ఊరిబిండి ఉండాదా?"

"పొట్లం కట్టిస్తాలేక్కా. ఇంటికాడ తిను."

"పొట్లం కట్టిస్తే ఎవురు సూస్తారు? పళ్ళెంలో పెట్టు."

పెట్టింది. ఎదుటి మెస్సు ముందు నిలబడినవాళ్ళు మాటలాపి చూశారు. నేను ముద్ద తుంచి, పచ్చడిలో అద్దుకుని తిన్నాను. సంగటి మెత్తగా, వేడిగా ఉంది.

"ఊరిబిండిలో ఉప్పు ఎక్కువ," అన్నాను.

"రేపు తగ్గిస్తాలే," అంది ఆమె, తల వంచుకుని.

రేపు అంది. నేను విననట్టు పళ్ళెం ఖాళీ చేశాను. డబ్బు వద్దంటే కోప్పడ్డాను. ధర్మానికి తినడానికి రాలేదు నేను.

ఆ రోజు నుంచి మధ్యాహ్నం అక్కడే. తిని, చెయ్యి కడుక్కుని, మిగిలిన పేజీలు అక్కడే గొంతెత్తి చదివేదాన్ని. వినేవాళ్ళు ఆమె, ఆమె దోసె పెనం, రోడ్డు. పుస్తకం రెండో సగంలో అడ్డం పడినవాళ్ళ సంగతులు ఉన్నాయి. పెద్ద వీరులేం కాదు. పని కావాలనే ఆలస్యం చేసిన రైలు కూలి. అందరూ చెయ్యెత్తితే ఎత్తకుండా నిలబడిన పంతులమ్మ. గుర్తు పెట్టిన అంగట్లోనే రొట్టె కొన్న ఆడమనిషి. ఆ ఆడమనిషి గురించి మూడే వాక్యాలు రాశాడు. నేను వాటిని మళ్ళీ మళ్ళీ చదివాను.

ఒకనాడు మా వదిన కర్ర తాటించుకుంటూ వచ్చి బెంచీ చివర కూర్చుంది.

"ఆ రాచ్చసుడు సచ్చినాడా లేదా? సెప్పకుండా ఈడికొచ్చి కూర్చున్నావు. నాకు నిద్ర పట్టలేదు."

"ఇంగా సావలేదు. కూర్చో. ఏమన్నా తింటావా?"

"టీ అయితే తాగుతా," అని తానే ఒక తీర్పు చెప్పింది. "అది నిప్పు మీద కాగింది గదా. దోసం లేదు."

"సంగటి కూడా నిప్పు మీదే ఉడికింది వదినా."

వదిన కర్ర బెంచీకి ఆనించింది. "ఉప్పు తక్కువేసి పెట్టమను," అంది. అంగడామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. కట్టిన మూటల్లో ఒకటి విప్పి పళ్ళెం బయటికి తీసింది.

మామిడి సీజను వచ్చింది. ఫ్యాక్టరీ తెరిచిన రోజు తోతాపురి కాయల ట్రాక్టర్లు గేటు నుంచి మా ఊరి మలుపు దాటి వరుసగా నిలబడ్డాయి. మా ట్రాక్టరు కూడా ఆ వరుసలోనే ఉంది, దాని మీద మా అబ్బాయి. పలమనేరు పక్క నుంచీ, తమిళనాడు సరిహద్దు నుంచీ వచ్చిన డ్రైవర్లు ఎండకు మాడి, తిండి యాడ దొరుకుతుందా అని చూస్తున్నారు. ఈ ఒక్క రోజు తేలిపోతుందని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. ఈరోజు కుండ మిగిలితే ఆమె వేలూరు బస్సు ఎక్కుతుంది. కమిటీకీ తెలుసు. దిగిన డ్రైవరునల్లా మెస్సు వైపు చూపిస్తూ ఇద్దరు నిలబడ్డారు.

నేను పెందలాడే వచ్చి నా బెంచీ మీద కూర్చున్నాను. పళ్ళెం ముందుంది. కాసేపటికి కమిటీ పెద్దే వచ్చాడు.

"పెద్దమ్మా, నీ వయసుకు ఇది బాగుండాదా? రోడ్డు మీద కూర్చోని తింటే మనింటి మర్యాద ఏం గావాల?"

"మర్యాద ఇంట్లోనే పెట్టి వచ్చినాను. బద్రంగా ఉండాది."

"ఎగతాళి కాదు. నిన్ను సూసి ఊళ్ళో నలుగురు మా మాట వినడం లేదు."

"మంచిదే గదా."

వాడి ముఖం ఎర్రబడింది. "రేపు నీ కొడుకు అంగడికి ఎవురూ రాకపోతే నన్ననొద్దు!"

"ఇది బాగుండాది," అన్నాను. "ఇన్నాళ్ళూ స్టిక్కరు సెప్తా ఉండింది. ఇప్పుడు నీ నోటితో సెప్పినావు. అందరూ విన్నారు."

ఇద్దరు డ్రైవర్లు ఆగి చూస్తున్నారు. ఒకడు అడిగాడు, "ఏందవ్వా గలాటా?"

"ఏమీ లేదు నాయనా. ఈ ఆయమ్మ చర్చికి పోతాది. అందుకని ఈడ నువ్వు తినగూడదంట."

మొదటివాడు మెస్సు వైపు చూసి, ఇటు చూసి, మనకెందుకులే అన్నట్టు రోడ్డు దాటి వెళ్ళిపోయాడు. రెండోవాడు తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "నాకు ఆకలిగా ఉండాది. ఆయమ్మ యాడికి పోతే నాకేం?" అని నా పక్కన కూర్చున్నాడు. అంగడామె తెడ్డు పట్టుకుని అలాగే నిలబడి ఉంది.

"నన్నెందుకు సూస్తావు? పెట్టు మే," అన్నాను.

ఆ డ్రైవరు తింటుంటే మరో ఇద్దరు దిగారు. ఆకలి వాసనను బట్టి నడుస్తుంది. వాళ్ళకు మా ఊరి స్టిక్కరు తెలియదు. కమిటీ పెద్ద కదలలేదు. అప్పుడు మా అబ్బాయి ట్రాక్టరు దిగి వచ్చాడు. నా వైపు చూడలేదు, వాడి వైపూ చూడలేదు. బెంచీ ఆ చివర, రోడ్డుకు ముఖం తిప్పుకుని కూర్చున్నాడు. వాడి చెవులు ఎర్రగా ఉన్నాయి. చిన్నప్పుడు భయమేస్తే అలాగే అయ్యేవి.

"నాకూ ఒక ముద్ద పెట్టు అత్తా," అన్నాడు అంగడామెతో.

ఆమెను వాడు అత్తా అని పిలవడం నేను వినడం అదే మొదలు. ఆమె పెట్టింది. తెడ్డు కుండ అడుగుకు తగిలింది. లోపలికి వంగి చూసి, కుండ దించి, పెద్ద కుండ పొయ్యి మీదికి ఎత్తి, నీళ్ళు పోసి మళ్ళీ ఎసరు పెట్టింది. కట్టెలు ఎగదోసింది. వచ్చే ఏడు కమిటీ ఏం చేస్తుందో, మా అబ్బాయి అంగడికి ఎవరొస్తారో నాకు తెలియదు. కమిటీ పెద్ద ఇంకా అక్కడే, ఎండలో, చేతులు కట్టుకుని నిలబడే ఉన్నాడు.

నా కడుపు నిండిపోయింది. అయినా లేవలేదు.

"ఎసరు మరిగినాక నాకింగొక ముద్ద పెట్టు మే," అన్నాను, వాడికి వినబడేలా.